ఒక్క అక్షరం మారితే గోళీ పనిచేయదు: టీబీ మందుల 80 ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ హిస్టరీనే, కానీ రాజులు కోటలు ఏమీ ఉండవు. ఒక క్రిమి ఉంటుంది, కొన్ని గోళీలు ఉంటాయి, మన పాలమూరు, నల్లగొండ జనం ఉంటారు.

హైదరాబాద్‌లో బైక్ ఉన్న ప్రతివాడూ ఒక్కసారైనా అనంతగిరి గుట్టలకు పోయే ఉంటాడు. మలుపులో ఆగి రీల్ తీసుకుని, వేడి వేడి మిర్చి బజ్జీ తిని వచ్చేస్తాం. ఆ గుట్ట మీద ఒక టీబీ దవాఖాన ఉంది, చూశారా? నిజాం కాలం నాటి శానటోరియం అది. అప్పట్లో టీబీకి మందంటూ లేదు. చెట్లు, చల్లటి గాలి, పడక, పాలు, గుడ్లు... ఇదే ట్రీట్‌మెంట్. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం కూడా ఇదే లెక్కన 1915 నుంచి నడిచింది. అదృష్టం ఉన్నవాళ్లు లేచి ఇంటికి పోయేవాళ్లు, లేనివాళ్లు అక్కడే పోయేవాళ్లు.

మరి ఇప్పుడు 6 నెలలు గోళీలు మింగితే టీబీ పోతుంది కదా, గొడవేంటి? గొడవేంటంటే కొందరికి ఆ గోళీలు పనిచేయవు. గోళీ నకిలీది కాదు, మనిషి బలహీనుడూ కాదు. లోపల ఉన్న క్రిమి జీనోమ్‌లో ఒక అక్షరం మారింది, అంతే. ఆ అక్షరం ఎప్పుడు మారుతుంది, ఎవరి వల్ల మారుతుంది అన్నదే ఈ ఎపిసోడ్. ఎందుకంటే మన దగ్గర దీనికి రెడీమేడ్ జవాబు ఒకటి ఉంది: "పేషెంట్ గోళీలు సక్కగ మింగలేదు." అది సగం నిజం. ఆ మిగతా సగం గురించే నేను ఎక్కువ మాట్లాడతా.

ముందు 1943కు పోదాం. అమెరికాలో బ్లూమింగ్టన్ అనే ఊరు, ఇండియానా యూనివర్సిటీ. సాల్వడార్ లూరియా అనే ఇటలీ సైంటిస్టు ఒక డ్యాన్స్ పార్టీలో నిలబడి ఉన్నాడు. పక్కన కొలీగ్ ఒకాయన స్లాట్ మెషీన్ ఆడుతున్నాడు. చాలాసార్లు సున్నా, సున్నా, సున్నా, ఉన్నట్టుండి ఒకసారి జాక్‌పాట్. లూరియా బుర్రలో లైట్ వెలిగింది. అప్పట్లో ఆయన్ని తినేస్తున్న ప్రశ్న ఏంటంటే, బ్యాక్టీరియాని చంపే వైరస్ వదిలినప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు తట్టుకుని బతుకుతాయి. ఆ శక్తి వాటికి దెబ్బ తగిలాక వచ్చిందా, ముందునుంచే ఉందా? దెబ్బ తగిలాక నేర్చుకునేటట్టయితే, విడివిడిగా పెంచిన ట్యూబులన్నిటిలో బతికినవి సుమారు ఒకే లెక్కలో ఉండాలి. ముందే ఎప్పుడో గుడ్డిగా మారిపోయి ఉంటే మాత్రం స్లాట్ మెషీన్ లెక్క రావాలి: చాలా ట్యూబుల్లో సున్నా, ఎక్కడో ఒకదాంట్లో వందలు. ప్రయోగం చేశాడు. స్లాట్ మెషీన్ లెక్కే వచ్చింది. మ్యాక్స్ డెల్‌బ్రూక్ దానికి గణితం రాశాడు. 1969లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, వైరస్‌ల మీద చేసిన పనికి.

ఇది గుర్తుపెట్టుకోండి. మందు మ్యుటేషన్‌ని పుట్టించదు. క్రిమి రెండుగా చీలేటప్పుడు తన డీఎన్ఏని కాపీ కొట్టుకుంటుంది. ఆ కాపీలో ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది. మందు ఇంకా ఊళ్లోకి రాకముందే ఆ తప్పు అక్షరం లోపల కూర్చుని ఉంటుంది. మందు వచ్చి చుట్టూ ఉన్నవాటిని చంపితే, ఆ ఒక్కటికి ఊరంతా ఖాళీగా దొరుకుతుంది.

విచిత్రం చూడండి, అదే 1943 అక్టోబర్‌లో అమెరికాలోనే రట్గర్స్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల కుర్రాడు సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్‌లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. టీబీని చంపిన మొదటి మందు. జబ్బూ, దాని మందూ, ఆ మందుకి ఎదురుదెబ్బ సిద్ధాంతం, మూడూ ఒకే చోట దొరికిన సంవత్సరం. కానీ ఆ సిద్ధాంతం చేసినవాళ్లకి, మందు ఇచ్చే డాక్టర్లకి పరిచయమే లేదు.

1947లో బ్రిటన్‌లో ఈ మందుని పరీక్షించారు. యుద్ధం అయిపోయిన కాలం, డాలర్లు లేవు, మందు కొంచెమే ఉంది. అందుకే 107 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. 55 మందికి స్ట్రెప్టోమైసిన్, 52 మందికి పడక విశ్రాంతి మాత్రమే. 6 నెలలకు చూస్తే మందు గుంపులో 4గురు పోయారు, రెండో గుంపులో 14 మంది. పండగే కదా? 1948లో పేపర్ వచ్చింది. కానీ అదే పేపర్‌లో ఇంకో అంకె ఉంది. మందు తీసుకున్నవాళ్లలో 41 మంది క్రిముల్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే 35 మందివి మందుకి లొంగడం మానేశాయి. 5 ఏళ్ల తర్వాత లెక్క తీస్తే మందు గుంపులో 32 మంది, మందు లేని గుంపులో 35 మంది చనిపోయి ఉన్నారు. 55కి 32, 52కి 35. తేడా దాదాపు కరిగిపోయింది.

ఆ 32 మందిలో గోళీ ఎగ్గొట్టినవాడు లేడు, నర్సులే సూదులు ఇచ్చారు. సూది తప్పలేదు, డోసు తప్పలేదు. తప్పు ఎక్కడంటే ఒక్క మందే ఇవ్వడం.

ఎందుకో లెక్క చేద్దాం, నేను ఇంజినీర్ని కాబట్టి నాకు ఇది బాగా నచ్చే భాగం. 1970లో హ్యూగో డేవిడ్ అనే ఆయన టీబీ క్రిమిలో మ్యుటేషన్ రేటు కొలిచాడు. ఐసోనియాజిడ్ అనే మందుని తట్టుకునే మార్పు సుమారు 4 కోట్ల విభజనల్లో ఒకసారి వస్తుంది. రిఫాంపిసిన్‌ని తట్టుకునేది సుమారు 440 కోట్లలో ఒకసారి. పెద్దగానే అనిపిస్తుంది. కానీ ఊపిరితిత్తిలో ఒక గుంత పడితే దాంట్లో 10 కోట్ల దాకా క్రిములు ఉండొచ్చు. అంటే ఆ మనిషి జీవితంలో ఐసోనియాజిడ్ పేరు కూడా వినకముందే, దాన్ని తట్టుకునేవి రెండో మూడో లోపల రెడీగా ఉంటాయి. ఒక్క మందు ఇచ్చారా, 10 కోట్లు చచ్చి ఆ మూడు మిగులుతాయి. మనిషికి దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతాడు, "మందు పనిచేసింది" అంటాడు. నాలుగు నెలలకు మళ్లీ దగ్గు.

అదే రెండు మందులు కలిపి ఇస్తే? రెండు తప్పులూ ఒకే క్రిమిలో పడాలి. 4 కోట్లని 440 కోట్లతో గుణించండి, ఫోన్ కాలిక్యులేటర్ చేతులెత్తేస్తుంది. అన్ని క్రిములు ఏ మనిషి ఒంట్లోనూ పట్టవు. నాలుగు రకాల గోళీలు ఎందుకు మింగాలి అన్నదానికి జవాబు ఈ గుణకారమే. ఇది 1950 నాటికే తెలిసిపోయింది. స్ట్రెప్టోమైసిన్‌కి పాస్ అనే ఇంకో మందు కలిపితే రెసిస్టెన్స్ బాగా పడిపోతుందని బ్రిటన్‌లోనే రుజువు చేశారు.

ఇక మన వైపుకి వద్దాం. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. నిజానికి 1912లోనే ప్రాగ్‌లో ఇద్దరు కెమిస్టులు దాన్ని తయారు చేసి వదిలేశారు, టీబీ మీద పనిచేస్తుందని ఎవరికీ తెలియదు. 40 ఏళ్ల పాత పదార్థం కాబట్టి పేటెంట్ లేదు, కాబట్టి చవక. బీద దేశానికి దేవుడిచ్చిన గోళీ అనుకున్నారు. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టారు. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం, డబ్ల్యూహెచ్ఓ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, నాలుగూ కలిసి. వాలస్ ఫాక్స్ అనే డాక్టర్ నడిపించాడు. 193 మంది పేదవాళ్లను తీసుకుని, సగం మందికి శానటోరియంలో, సగం మందికి ఇంట్లోనే, ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇరుకు ఇళ్లు, తక్కువ తిండి, అయినా ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగయ్యారు. 1959లో ఈ ఫలితం వచ్చాక ప్రపంచమంతా శానటోరియంల కాలం మెల్లగా ముగిసింది. అనంతగిరి గాలి మంచిదే, కానీ క్రిమిని చంపేది గోళీ.

మద్రాసు వాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడిగారు, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. పాస్ గోళీలు గుప్పెడు మింగాలి, కడుపులో తిప్పుతాయి, ఖరీదు. చవకైన ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే సరిపోదా? ఇచ్చి చూశారు, 1960లో ఫలితం అచ్చయింది. ఒక్క మందు గుంపులు వెనకబడ్డాయి, విఫలమైనవాళ్లలో రెసిస్టెంట్ క్రిములు తేలాయి. 1948 పాఠమే, ఈసారి దక్షిణ భారతంలో, మన పక్కూళ్ల మనుషుల ఊపిరితిత్తుల్లో.

ఐసోనియాజిడ్ ఎలా ఓడిపోతుందో చెప్తా, మస్తు ఇంట్రెస్టింగ్. ఈ గోళీ లోపలికి పోయినప్పుడు విషం కాదు. క్రిమిలో కాట్‌జీ అనే ఎంజైమ్ ఉంటుంది, క్రిమి తన అవసరానికి పెట్టుకున్నది. అదే పోయి ఈ మందుని విషంగా మారుస్తుంది. అంటే క్రిమి తన చావుని తానే వండుకుంటుంది. 1954లో గార్డ్‌నర్ మిడిల్‌బ్రూక్ ఒక విషయం గమనించాడు: ఐసోనియాజిడ్‌కి లొంగని క్రిముల్లో ఈ ఎంజైమ్ పని తగ్గి ఉంటోంది. ఎందుకో అర్థం కాలేదు. 38 ఏళ్లు ఆగాలి. 1992లో యింగ్ ఝాంగ్, డగ్లస్ యంగ్, స్టీవర్ట్ కోల్ వాళ్ల బృందం ఆ జీన్‌ని పట్టుకుంది. మందుకి లొంగని క్రిమిలోకి మంచి కాట్‌జీ జీన్ పెట్టారు, అది మళ్లీ లొంగింది. డీబగ్గింగ్ అంటే ఇదీ: పాత లైన్ తిరిగి పెట్టి ప్రోగ్రామ్ నడిచిందా చూడటం.

క్రిమి ఈ ఎంజైమ్‌ని పూర్తిగా పోగొట్టుకుంటే మందు నుంచి తప్పించుకుంటుంది కానీ తనూ కుంటుతుంది. అందుకే ప్రపంచంలో ఎక్కువగా కనిపించే మార్పు వేరు. 315వ స్థానంలో ఏజీసీ ఉండాల్సిన చోట ఏసీసీ. ఒక్క అక్షరం. ఎంజైమ్ తన పని చాలావరకు చేసుకుంటూనే ఉంటుంది, మందుని మాత్రం విషం చేయదు. ఇలాంటి క్రిమి కుంటదు, దగ్గు తుంపర్లలో ఇంకొకరికి పోతుంది.

రిఫాంపిసిన్ కథ వేరు. 1960ల్లో ఇటలీ నుంచి వచ్చిన మందు, టీబీ ట్రీట్‌మెంట్‌ని ఏడాదిన్నర నుంచి 6 నెలలకు దించిన మందుల్లో ముఖ్యమైనది. క్రిమి తన డీఎన్ఏని చదువుకునే మెషీన్‌లో ఇది రాయిలా ఇరుక్కుంటుంది. ఆ మెషీన్‌లో ఒక భాగాన్ని తయారు చేసే జీన్ పేరు ఆర్‌పీఓబీ. 1993లో అమాలియో టెలెంటి బృందం చూపించిందేంటంటే, రిఫాంపిసిన్‌ని తట్టుకునే మార్పులు దాదాపు అన్నీ ఆ జీన్‌లో ఒకే 81 అక్షరాల ముక్కలో ఉన్నాయి. అందులో ఎక్కువసార్లు మారేది 531వ స్థానం: టీసీజీ కాస్తా టీటీజీ. 1998లో టీబీ క్రిమి మొత్తం జీనోమ్ చదివారు: 44,11,529 అక్షరాలు. టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేస్తే నాలుగున్నర ఎంబీ లోపే. మన ఫోన్‌లో ఒక మంచి ఫోటో అంత. ఆ ఫైల్‌లో ఒక్క సీ పోయి టీ వచ్చినందుకు, 6 నెలల ట్రీట్‌మెంట్ ఏడాదిన్నర, రెండేళ్లు అయ్యేది. రోజూ సూదులు, చెవుడు, వాంతులు, కొందరికి మతి చలించడం.

ఇప్పుడు మనుషుల దగ్గరికి. మాది పాలమూరు. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయి, పుణెకు పోయే వలస గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. దేవరకొండ వైపు కూడా అంతే. పాలమూరు లేబర్ అనే మాట దేశంలో డ్యాములు, కాలువలు కట్టినచోటల్లా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే సీజన్ అయ్యేదాకా అక్కడే. అలాంటి మనిషికి ఊళ్లో ఉన్నప్పుడు టీబీ తేలింది, గోళీలు మొదలయ్యాయి అనుకోండి. రెండు నెలలకు దగ్గు ఆగింది. పిలుపొచ్చింది, పోయాడు. గోళీల కార్డు ఒక జిల్లాలో, మనిషి ఇంకో రాష్ట్రంలో. సర్కారు రికార్డులో ఇతనికి పెట్టిన పేరు "డిఫాల్టర్". అప్పు ఎగ్గొట్టినవాడిని పిలిచినట్టు. 2013లో డబ్ల్యూహెచ్ఓ ఆ మాట తీసేసింది, మన రిజిస్టర్లలో, నోళ్లలో పోవడానికి ఇంకా టైమ్ పట్టింది.

సరే, బొంబాయిలో అతనికి మళ్లీ దగ్గు వస్తే ఎక్కడికి పోతాడు? బస్తీలో ఉన్న ప్రైవేట్ డాక్టర్ దగ్గరికి. 1991లో ధారావి ప్రాంతంలో ముకుంద్ ఉప్లేకర్, డొనాల్డ్ షెపర్డ్ ఒక స్టడీ అచ్చేశారు. సుమారు 100 మంది ప్రైవేట్ డాక్టర్లను టీబీకి ఏం రాస్తారో అడిగారు. 80 రకాల ప్రిస్క్రిప్షన్లు వచ్చాయి. 2010లో జరీర్ ఉద్వాడియా బృందం అదే ప్రాంతంలో మళ్లీ అడిగితే 106 మంది 63 రకాలు రాశారు, సరిగ్గా రాసింది 6గురు. పేషెంట్ గోళీలు సక్కగ మింగలేదు అనేవాళ్లకి నేను అడిగేది ఒకటే: సక్కగ మింగినా, కాగితం మీద రాసిందే తప్పయితే?

హైదరాబాద్‌లో కొంచెం మంచి పని జరిగింది. 1995లో మహావీర్ హాస్పిటల్ అనే ట్రస్ట్ దవాఖాన, డాక్టర్ కేజేఆర్ మూర్తి గారి ఆధ్వర్యంలో, ప్రైవేట్ డాక్టర్లను ప్రభుత్వ టీబీ కార్యక్రమంతో కలిపింది. డాక్టర్ పేషెంట్‌ని పోగొట్టుకోడు, పేషెంట్‌కి మందులు ఫ్రీ, గోళీలు ఇంటి దగ్గర్లోనే. దేశంలో ఈ తరహా మోడల్స్‌కి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

కానీ ప్రభుత్వ కార్యక్రమం కూడా ఒక పెద్ద పొరపాటుని ఏళ్లపాటు మోసింది, ఇది చెప్పకుండా దాటేయడం నాకిష్టం లేదు. దాని పేరు కేటగిరీ 2. మొదటిసారి ట్రీట్‌మెంట్ ఫెయిలై, లేదా మధ్యలో ఆగి, మళ్లీ వచ్చినవాళ్లకు ఇచ్చేది. ఏమిచ్చేవాళ్లు? పాత నాలుగు గోళీలే, ప్లస్ స్ట్రెప్టోమైసిన్ సూది రెండు నెలలు. చాలామందికి రెసిస్టెన్స్ టెస్ట్ లేకుండానే. ఆ మనిషిలో క్రిమి అప్పటికే ఐసోనియాజిడ్‌కి, రిఫాంపిసిన్‌కి లొంగకపోతే, ముఖ్యమైన మందులు రెండూ ఉత్తవే. వాటిమీద కొత్తగా ఒక్క మందు కలపడం... 1948లో 41 మందిలో 35 మందికి ఏం జరిగిందో గుర్తుందా? డబ్ల్యూహెచ్ఓ దీన్ని ఆపేయమని 2017లో చెప్పింది. దాదాపు 70 ఏళ్లు.

ఈలోపు లెక్కలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 ప్రాంతంలో చేసిన సర్వేలో, రెండు ముఖ్యమైన మందులకీ లొంగని ఎండీఆర్ టీబీ కొత్త పేషెంట్లలో 1.8 శాతం, ఇదివరకు మందు వాడినవాళ్లలో 11.8 శాతం. దేశం మొత్తం మీద 2014-16 సర్వేలో కొత్తవాళ్లలో 2.84, పాతవాళ్లలో 11.6. ఈ రెండో అంకె చూసి అందరూ "చూశారా, మందు సరిగ్గా వాడనివాళ్లే" అంటారు. నాకు మొదటి అంకె ఎక్కువ భయం. ఎందుకంటే ఆ కొత్త పేషెంట్ జీవితంలో ఒక్క టీబీ గోళీ కూడా ఎగ్గొట్టలేదు, అసలు మింగితే కదా. బస్సులోనో, లేబర్ షెడ్డులోనో, ఇంట్లోనో పక్కనున్నవాళ్ల దగ్గులోంచి మారిపోయిన క్రిమే నేరుగా వచ్చింది. అతన్ని ఏమని తిడతాం?

ఈ సర్వేలోనే ఇంకో అంకె: కొత్తవాళ్లలో సుమారు 11 శాతం మందిలో క్రిమి ఐసోనియాజిడ్‌కి లొంగదు. పాత పద్ధతిలో చివరి నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండే ఇచ్చేవాళ్లు, వారానికి మూడు రోజులు. ఈ 11 శాతం వాళ్లకు అది నిజానికి ఒక్క రిఫాంపిసిన్ మాత్రమే. మళ్లీ అదే ఒక్క మందు. 2017 నుంచి రోజూ గోళీల పద్ధతి వచ్చింది, చివరి నాలుగు నెలల్లో ఎథాంబ్యుటాల్ కూడా చేర్చారు. చిన్న మార్పులా కనిపిస్తుంది, కానీ 80 ఏళ్ల చరిత్ర ఆ మూడో మందులో ఉంది.

ఇప్పుడు టెస్టులు మారాయి. 2010 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్ఓ జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీన్‌కి ఓకే చెప్పింది. తెమడ కార్ట్రిడ్జ్‌లో వేస్తే రెండు గంటల్లో రిజల్ట్. పాత పద్ధతిలో క్రిమిని పెంచి చూడాలంటే వారాలు పట్టేది. ఇది ఎలా పనిచేస్తుందో వింటే ఎవరో మంచి ప్రోగ్రామర్ రాసినట్టుంటుంది. ఆ 81 అక్షరాల మీద 5 ప్రోబులు కూర్చుంటాయి. అక్షరాలు సరిగ్గా ఉంటే ఐదూ వెలుగుతాయి. ఒక అక్షరం మారినచోట ప్రోబు అతుక్కోదు, లైట్ వెలగదు. మెషీన్‌కి ఏ అక్షరం మారిందో అక్కర్లేదు, ఎక్కడ చీకటి పడిందో చాలు. గోవా కంపెనీ మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు నమ్మకం లేని పీహెచ్‌సీలో కూడా పెట్టొచ్చు, దానికి 2020లో డబ్ల్యూహెచ్ఓ ఆమోదం వచ్చింది. ఒక్క లోటు: మొదటి జీన్‌ఎక్స్‌పర్ట్ చూసేది రిఫాంపిసిన్ ముక్కనే. ఐసోనియాజిడ్ 315 సంగతి దానికి తెలియదు, దానికి ఎల్‌పీఏ అని వేరే టెస్ట్ ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా టీబీ వస్తే "రెండు మందులకీ టెస్ట్ అయిందా?" అని అడగండి. అడగడం మీ హక్కు, టెస్ట్ ఫ్రీ, మందులు ఫ్రీ. నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 వచ్చేది 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు అయింది. ఊరు మారి పోతున్నప్పుడు కూడా ముందే చెప్పండి, నిక్షయ్ ఐడీతో ట్రీట్‌మెంట్‌ని వేరే జిల్లాకి, వేరే రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ చేస్తారు.

కొత్త మందులూ వచ్చాయి. 2012లో బెడాక్విలిన్, దానితో కలిపి ఇచ్చే బీపీఏఎల్ఎమ్ అనే నాలుగు మందుల సెట్‌ని మన దేశం 2024 సెప్టెంబర్‌లో ఆమోదించింది. ఎండీఆర్ టీబీకి సూదులు లేకుండా 6 నెలల ట్రీట్‌మెంట్. చెవుడు తెచ్చుకుని రెండేళ్లు నెట్టుకొచ్చినవాళ్లు చూస్తే ఏడ్చేంత మార్పు.

అయితే ఈ బెడాక్విలిన్‌కి కూడా క్రిమి దగ్గర ఒక దారి ఉంది. ఆర్‌వీ 0678 అనే జీన్‌లో మార్పు వస్తే క్రిమిలో ఒక పంపు ఎక్కువగా పనిచేసి మందుని బయటికి తోడేస్తుంది. కుష్టుకి వాడే క్లోఫాజిమైన్‌ని కూడా అదే పంపు తోడుతుంది. ఈ మార్పు ఉన్న క్రిములు కొందరు పేషెంట్లలో దొరికాయి. వాళ్లు బెడాక్విలిన్ గానీ, క్లోఫాజిమైన్ గానీ అంతకుముందు ఎప్పుడూ మింగినవాళ్లు కారు. బ్లూమింగ్టన్ పార్టీలో ఆ స్లాట్ మెషీన్ ఇంకా తిరుగుతూనే ఉందన్నమాట.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఉంటా.